కారు కింద కలకత్తా

కలకత్తా వెళ్ళొచ్చానని తెలిసినవాళ్ళందరూ ఒకటే అడుగుతున్నారు. కాళీఘాట్ చూశారా, విక్టోరియా మెమోరియల్ చూశారా, రసగుల్లాలు తెచ్చారా అని. మొదటిది చూడలేదు. రెండోది దూరం నుంచి గుమ్మటం మాత్రం కనిపించింది. మూడోవి తెచ్చాను గానీ విజయనగరం దాటేలోపు డబ్బాలో పాకమే మిగిలింది. మరి అక్కడ మూడు రోజులు ఏం చూశారండీ అని నిలదీస్తే నిజం చెప్పక తప్పడం లేదు. కారు కింద చూశాను.

నేను రాజమండ్రిలో ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. నా దగ్గర అరవైల నాటి తెల్ల అంబాసిడర్ ఒకటి ఉంది. ఉంది అంటే ఉందనే అర్థం, వెళుతుందని కాదు. ఆదివారం ఆదివారం దానికి తలంటు పోస్తాను, మైనం రాస్తాను, మెత్తటి గుడ్డ కప్పుతాను. దసరాకి నిమ్మకాయలు తొక్కించాలంటే మాత్రం వీధిలో నలుగురిని పిలిచి తోయించాలి. కిందటేడాది అది మొత్తం పదకొండు కిలోమీటర్లు తిరిగింది. అందులో నాలుగు నా భుజబలం. "అది కారు కాదండీ, ఉత్సవ విగ్రహం," అంటుంది మా ఆవిడ. "కనీసం విగ్రహానికైతే మోసే బోయీలు జీతానికి దొరుకుతారు."

మా కాలేజీలో జువాలజీ చెప్పే సూర్యారావుది శ్రీకాకుళం వైపు. ఒకరోజు స్టాఫ్ రూములో నా గోడు విని, "మా పెదనాన్న కూతురు పైడితల్లి కలకత్తాలో ఉంది మాస్టారూ. కార్పొరేషన్ వాళ్ళ మురుగునీటి పంపుల దగ్గర ఉద్యోగం. ఆవిడ కారుదీ మీ కారు వయసే. రోజూ అందులోనే పనికి వెళ్తుంది," అన్నాడు.

రోజూనా అన్నాను. రోజూనే అన్నాడు. తనంతట తానే కదులుతుందా అన్నాను. సూర్యారావు నా వైపు జాలిగా చూసి ఫోన్ నంబరు రాసిచ్చాడు. డిసెంబరులో సెలవు పెట్టి, నా కారుకి కావలసిన సామాన్ల జాబితా జేబులో పెట్టుకుని రైలెక్కాను.

హౌరా

పైడితల్లి గారు ఫోన్లో గుర్తులు ముందే చెప్పారు. "బైట పసుపు టాక్సీల వరస ఉంటాది. అవి మావి కావు. మాది ఏ రంగో నాను సెప్పలేను. సూస్తే మీకే తెలుస్తాది."

తెలిసింది. బానెట్టు పసుపు, పదవీ విరమణ చేసిన ఏదో టాక్సీది. ముందు తలుపులు మీగడ రంగు. వెనక తలుపుల్లో ఒకటి నీలం, రెండోది ఏ రంగో తేల్చుకోలేక వదిలేసినట్టుంది. నా కారు పెళ్ళి ఫొటో అయితే ఇది రేషన్ కార్డు ఫొటో. ఏ పనికి వెళ్ళినా అడిగేది రెండోదే కదా.

స్టీరింగు ముందు పైడితల్లి గారు. యాభైకి దగ్గరలో ఉంటారు. నూలుచీర మీద మగవాళ్ళ స్వెట్టరు వేసుకున్నారు. పక్క సీట్లో ఆవిడ భర్త సింహాచలం గారు, మంకీ క్యాపులోంచి కళ్ళూ మీసమూ మాత్రం బయటపెట్టి. అలాంటి చలికి మా ఊళ్ళో ఫాను ఒక పాయింటు తగ్గిస్తాం. కలకత్తా వాళ్ళు మాత్రం హిమాలయాలు హౌరా స్టేషన్లోనే దిగాయన్నంత హడావిడి చేస్తారు.

"ఏటి మాస్టారూ, రైలు టైముకొచ్చీసిందేటి!" అన్నారాయన నొచ్చుకుంటూ. "ఇంకో గంట పడతాదని మావు టీ సెప్పీసినాం."

టీ మట్టిముంతలో ఇచ్చారు, పది రూపాయలు. తాగేసి ముంతను నేలకేసి కొట్టాలి. అదీ అక్కడి పద్ధతి. స్టీలు గ్లాసు కడిగి బోర్లించే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు చెయ్యి రాలేదు. గుట్టుగా సంచిలో వేసుకున్నాను. (ఇప్పుడు మా ఇంట్లో అలాంటివి తొమ్మిదున్నాయి. మా ఆవిడ వాటిలో ఆవాలూ మెంతులూ పోసింది.)

నీలం తలుపు తీసుకుని ఎక్కాను.

"తలుపు గట్టిగా ఎయ్యకండి, ఊడిపోతాది," అన్నారు పైడితల్లి గారు.

మెల్లిగా వేశాను.

"మెల్లిగా ఎయ్యకండి, పడదు."

నాలుగోసారికి ఆ తలుపు మనసు తెలిసింది. ఆవిడ చోక్ కొంచెం లాగి, సెల్ఫ్ నొక్కారు. ఒక్క నొక్కు. ఇంజను అందుకుంది. నేను కారులో కూర్చుని కారు బయలుదేరడం అన్న అనుభవం ఎన్నాళ్ళకో దక్కింది. కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. కొంత పొగవల్ల కూడా అనుకోండి.

హౌరా వంతెన మీద బండ్లన్నీ చీమల్లా కదులుతుంటే, నా పొగడ్తలన్నీ విని ఆవిడ అసలు సంగతి చెప్పారు. బండి రిజిస్ట్రేషన్ గడువు ఈ వారంతో ఆఖరు. ఎల్లుండి పదకొండింటికి పరీక్ష. న్యూ టౌన్ అవతల మైదానంలో బండిని చూస్తారు, నడిపిస్తారు, బ్రేకు వేయిస్తారు.

"పాసైతే ఇంకో అయిదేళ్ళు," అన్నారు పైడితల్లి గారు.

"కాకపోతే?"

జవాబు సింహాచలం గారు ఇచ్చారు. "కాకపోతే కాటాయే మాస్టారూ. ఇనపకొట్టోడు వొచ్చి కేజీల్లెక్కన తూకం ఏసీస్తాడు. తెల్లారి అయిదింటికి ఈవిడ పంపులకాడికెలా ఎల్తాదో ఆ దేవుడికెరిక. ఆ టైముకి బస్సుల్లేవు, ఆటోల్లేవు. వానాకాలం మా వీధిలో మోకాల్లోతు నీళ్ళు. కొత్త కార్లు ముక్కు మూసుకుని ఇంటికాడుంటాయి. ఇదొక్కటే ఈదుకుంటూ ఎల్తాది."

ముందు బస్సు కదిలితే పైడితల్లి గారు గేరు మార్చారు.

గార్డెన్ రీచ్

వాళ్ళ వీధిలో పదకొండు తెలుగిళ్ళు. పెద్దవాళ్ళ మాట శ్రీకాకుళం, పిల్లల మాట బెంగాలీ, తిట్లు మాత్రం అందరివీ హిందీ. సింహాచలం గారు రేవులో మేస్త్రీ. ఇరవై టన్నుల పెట్టెల్ని ఓడలోంచి దించిస్తారట గానీ ఈ కారు గేరు మాత్రం తన చేతికి ఎప్పుడూ దిగలేదట. ఆ సంగతి గర్వంగానే చెబుతారు.

మధ్యాహ్నం భోజనంలో ఆవ పెట్టిన చేప. ఆవ పెట్టిన పనసపొట్టు తెలుసు, ఆవ పెట్టిన అరటిదూట తెలుసు. చేపకి కూడా ఆవ పెడతారా అని నవ్వాను. గోదావరి ఒడ్డు వాణ్ణి, పులస తిన్న నోరు, కొంచెం పొగరు ఉంటుంది. మొదటి ముద్దకి ఆవఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కింది. రెండో ముద్దకి పొగరు దిగింది. మూడోసారి వడ్డించుకుంటుంటే సింహాచలం గారు అడిగారు.

"ఏటి మాస్టారూ, మీ గోదారి ఏటంటాది?"

"నోరు నిండా ఉంది, తర్వాత చెబుతానంటోంది."

సాయంత్రం ఆవిడ వరండాలో తన సామాన్ల అల్మారా చూపించారు. పాత బిస్కెట్ డబ్బాలు, వాటి మీద బెంగాలీ అక్షరాలు. ఇదేమిటని ఒకదాని మీద వేలు పెడితే చదివారు: "సిన్న మేకులు." ఇంకోటి: "పనికొస్తాయో రావో." అక్షరాలు బెంగాలీవి, మాటలు మనవి. "తెలుగు సదవడం నాకు సరీగా రాదు మాస్టారూ. ఇస్కూల్లో ఇదే నేర్పినారు," అన్నారు కొంచెం సిగ్గుపడుతూ. నేనింకా ఎక్కువ సిగ్గుపడ్డాను. నా డబ్బాల మీద చక్కటి తెలుగులో పేర్లున్నాయి. డబ్బాల్లో ఏమీ లేవు.

పంపుల ఇల్లు

రెండో రోజు అయిదింటికే బయలుదేరాం. నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి ఆవిడ అప్పటికే బండి చుట్టూ తిరిగి, కిందకి వంగి ఏదో చూసి, చేతులు తుడుచుకుంటున్నారు. ఏం చూశారో అప్పుడే అడిగి ఉంటే మర్నాడు నా పరువు దక్కేది.

పంపుల ఇల్లు ఎర్ర ఇటుకల కట్టడం. లోపల ఏనుగంతేసి మోటార్లు నాలుగు. పైడితల్లి గారు ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, దాని మొన మోటారుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకున్నారు. డాక్టరు గుండె చూసినట్టు. నన్నూ వినమన్నారు. నాకు గోలే వినిపించింది.

"అది కాదు మాస్టారూ. ఆ గోలెనకాల సన్నగా గరగర ఉన్నాదా, నేదా?"

"లేదు."

"అయితే బాగున్నట్టే."

తర్వాత కారు ఇంజనుకీ అదే వైద్యం. మనవాళ్ళు వింటేజ్ కారు, వింటేజ్ కారు అంటారే, ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు ఆ ఉదయం బోధపడింది. వింటే చాలు, అన్నీ అదే చెబుతుంది. నేను ఇన్నేళ్ళూ తుడిచాను గానీ వినలేదు.

పంపు ఇరుసు దగ్గర నీటిచుక్కలు పడుతున్నాయి. కారుతోందండీ అని కంగారుపడ్డాను.

"కారాల," అన్నారావిడ. "సుక్క పడకపోతే లోపల ఎండిపోనాదని. ధార కట్టితే అరిగిపోనాదని. ఎన్ని సుక్కలు, ఎక్కడ, ఏ రంగు, అదే సూసుకోవాల. బండికైనా అంతే."

కారు అని పేరు పెట్టుకున్నాక కారక మానదు కదా అన్నాను. ఆవిడ మొట్టమొదటిసారి గట్టిగా నవ్వారు. నా హాస్యానికి మా క్లాసులో అంత గౌరవం ఎన్నడూ దొరకలేదు.

బండి ఎలా వచ్చిందో కూడా అక్కడే చెప్పారు. ఏళ్ళ కిందట పెద్ద వానకి ఒక డాక్టరు గారి ఇంటి ముందు ఈ కారు కిటికీల దాకా మునిగిపోయింది. డాక్టరు గారు అప్పటికే పోయారు. పైడితల్లి గారు చిన్న పంపు పెట్టి వీధి నీళ్ళు తోడుతుంటే, ఆ ఇంటి ముసలమ్మ మేడ మీదనుంచి, "దీన్ని బతికిస్తే నువ్వే తీసుకుపో," అంది. బతికించడానికి ఏడు నెలలు పట్టింది. ముసలమ్మ డబ్బు పుచ్చుకోలేదు. ఏటా దుర్గాపూజలకి ఒక పూట తనను కారులో తిప్పి ఠాకుర్లను, అంటే పందిళ్ళలో అమ్మవారి విగ్రహాలను, చూపించాలన్నదే ఖరీదు. ఇప్పటికీ ఆ ఖరీదు చెల్లుతోంది. ముసలమ్మ ముందు సీట్లో, సింహాచలం గారు వెనక.

"మరి ఆదివారాలు కడుగుతారా?" అన్నాను, నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య గురించి.

"ఒళ్ళు రుద్దితే కడుపునొప్పి తగ్గుతాదేటి మాస్టారూ? నడిస్తేనే బండి నడుస్తాది. రోజుకో సిన్న రిపేరు. రెండో రిపేరు రేపటికి."

మల్లిక్ బజార్

పని దిగాక కచోరీ తిన్నాం. నాలుగు కచోరీలు, బంగాళాదుంప కూర, నలభై రూపాయలు. కూరలో చిటికెడు పంచదార. ఉప్మాలో ఎవరో పాయసం గరిటె పెట్టినట్టు అనిపించింది మొదట. మర్నాటికి అదే వెతుక్కున్నాను. ఆ మీదట ఖర్జూరపు బెల్లంతో చేసే సందేశ్ అనే మిఠాయి. శీతాకాలంలోనే దొరుకుతుందట. దాని గురించి ఎక్కువ రాయను, మీరు వెళ్ళలేదు కదా, బాధపడతారు.

మల్లిక్ బజార్‌లో వీధి వీధంతా కార్ల అవయవాలు. ఒక దుకాణం నిండా అద్దాలే, ఇంకోదాన్నిండా సైలెన్సర్లే. పైడితల్లి గారు నన్ను ఒక గడ్డం తాత దగ్గరికి తీసుకెళ్ళారు. నేను నా జాబితా విప్పి, ఫోన్లో ఫొటోలు చూపించాను. బ్రేకుల్లో వేసే రబ్బరు కప్పులు, నాలుగు చక్రాలకీ ఒక సెట్టు కావాలి.

తాత ఫోన్ వైపు చూడనైనా లేదు. పాత ముక్క ఏది, నమూనా ఏది అన్నాడు హిందీలో. ఫొటో ఉంది కదా అన్నాను. "ఫొటోని బండికి బిగిస్తారా, దాదా?" అన్నాడు. చివరికి పైడితల్లి గారు తన బండి వయసు చెప్పి, వేళ్ళతో కొలత చూపించి పూచీ పడ్డారు. మూడువందల యాభై. మా ఊళ్ళో దానికి ఆరువందలు చెప్పి, పైగా నెలాగమన్నారు. పొట్లం చంకలో పెట్టుకుని, చంటిపిల్లాణ్ణి మోసినట్టు ఇంటికి తెచ్చుకున్నాను. ఇంట్లో కూడా సంచిలోంచి తీయలేదు.

నా ఘనకార్యం

మూడో రోజు. పరీక్ష రోజు. అయిదున్నరకే మెలకువ వచ్చింది. పైడితల్లి గారు ఆ రోజు సెలవు పెట్టారు, ఇంకా లేవలేదు. ఇన్ని పెట్టారు, ఇన్ని చూపించారు, నేనేం చేశాను వీళ్ళకి అనిపించింది. పరీక్షకి వెళ్ళే బండి, ముఖమైనా కడుక్కోకుండా వెళితే ఎలా?

కొళాయి దగ్గర బకెట్టు దొరికింది. ముందు కారు కింద చూశాను. ఎవరో పాత బెంగాలీ పేపర్లు పరిచారు, నాలుగు పెద్ద కాగితాలు. వాటి మీద నల్లటి మరకలు. ఒకచోట మాత్రం నలుపు లేదు, బజ్జీలు చుట్టిన కాగితంలా పారదర్శకంగా అయి ఉంది. ఛీ, అతిథి ఉన్న ఇంట్లో ఇంత చెత్తా అనుకుని, వెనక బంపరు కిందకి దూరి అన్నీ లాగేశాను. లేవబోతుంటే బంపరు నుదుటికి తగిలి చుక్కలు కనిపించాయి. ఆ చుక్కల్లోనే చెత్త తోపుడుబండి గంట వినిపిస్తే, పరుగెత్తి వెళ్ళి కాగితాలు అందులో వేసి వచ్చాను. తర్వాత తొమ్మిది బకెట్ల నీళ్ళతో బండిని కడిగాను. అంత మనసు పెట్టి నా కారునీ కడగలేదు.

పైడితల్లి గారు కాఫీ గ్లాసుతో బయటికి వచ్చారు. బండిని చూశారు. నేలను చూశారు. నన్ను చూశారు.

"పేపరేదీ?"

"మురికిగా ఉందని పారేశానండీ."

గ్లాసు గట్టు మీద పెట్టారు. కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. రోజూ సాయంత్రం ఆవిడ బండి కింద కాగితాలు పరుస్తారు. పొద్దున్న వాటిని చదువుతారు. నల్ల చుక్క ఇంజనాయిలు, అది మామూలే. నీటి ముడతలు పడితే రేడియేటరు. వెనక మధ్యలో చిక్కగా ఉంటే గేరాయిలు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వస్తే అదే ఆ రోజు రిపేరు. పేపరు చదవకుండా ఆవిడ ఒక్కరోజూ బండి తీయలేదట.

సింహాచలం గారు గుమ్మంలోంచి చూసి, "ఇవాళ పేపరు రానేదేటే?" అన్నారు.

"వొచ్చింది. మాస్టారు సదవకుండా అమ్మీసినారు."

నేల తడి. ఏ చుక్క ఎక్కడిదో తెలిసే దారి లేదు. దూరం పాతిక కిలోమీటర్లు. ఏడున్నరకి బయలుదేరాం. బండి తళతళా మెరుస్తోంది. నేను వెనక సీట్లో ఎంత చిన్నగా కూర్చోవచ్చో అంత చిన్నగా కూర్చున్నాను.

ఫ్లైఓవర్ దిగాక

ఫ్లైఓవర్ దిగి బైపాస్ రోడ్డు మీదికి వచ్చిన కాసేపటికి పైడితల్లి గారి భుజం బిగుసుకోవడం గమనించాను. సిగ్నల్ దగ్గర ఆవిడ బ్రేకు ఒకసారి కాదు, గబగబా నాలుగుసార్లు తొక్కారు. బండి ఆగింది గానీ ఆవిడ ముఖంలో రంగు పోయింది. మెల్లిగా పక్కకి తీసి, ఇంజను ఆపారు.

"పెడలు మెత్తబడిపోనాది. బ్రేకాయిలు ఎక్కడో పోతంది."

కాళ్ళ దగ్గర మ్యాటు ఎత్తి, మూత విప్పి చూశారు. సగానికి పైగా ఖాళీ. అలాగే తీసుకెళితే పరీక్ష మైదానంలో సున్నం గీత దగ్గర ఆగదు. అసలు అక్కడిదాకా పోనిచ్చే మనిషి కూడా కాదావిడ. నాలుగు చక్రాల్లో ఏదో ఒకటి. ఒక్కోటీ ఎత్తి, విప్పి, చూసి, బిగించాలంటే మధ్యాహ్నం దాటిపోతుంది.

ఈలోగా జనం చేరారు. కలకత్తాలో కారు ఆగితే ప్రతి మనిషీ డాక్టరే. "కీ హోయెఛే, దీదీ?" ఏమైందక్కా అంటూ ఒకాయన బానెట్టు మీద చెయ్యి వేశాడు. బ్యాటరీ అన్నాడొకడు. కార్బ్యురేటర్ అన్నాడింకొకడు. కూరల సంచీ పట్టుకున్న మరొకాయన మాత్రం, "మా మేనమామ కారుకీ ఇలాగే అయింది," అని ఆపేశాడు. తర్వాత ఏమైందో చెప్పడు. తెల్ల యూనిఫారం ట్రాఫిక్ సార్జెంట్ వచ్చాడు. జరిమానా వేస్తాడనుకుంటే, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "కడిగింది ఎవరు? చాలా బాగా కడిగారు," అన్నాడు. సింహాచలం గారు నన్ను వేలెత్తి చూపించారు.

నేను నుదురు రుద్దుకుంటున్నాను. బొప్పి సలుపుతోంది. అప్పుడు తట్టింది.

"పైడితల్లి గారూ, ఒక కాగితం మీద మరక నల్లగా లేదండీ. బజ్జీల కాగితంలా ఉంది. అవతలివైపు అక్షరాలు కనిపించాయి."

బండిలో నలుపెక్కని నూనె బ్రేకాయిలొక్కటే. ఆవిడ గబుక్కున లేచారు. "ఏ కాగితం? ఎక్కడ?"

"ఆవనూనె సీసా ప్రకటన ఉన్న కాగితం. నూనె బొమ్మ మీదే నూనె మరక ఏమిటా అనుకున్నాను. అది లాగుతుండగానే నా తల కొట్టుకుంది."

"తల ఎక్కడ కొట్టుకుంది మాస్టారూ?"

బంపరు దగ్గరికి వెళ్ళి వంగి, పొద్దున్న దూరినట్టే దూరి చూపించాను. ఎడమ వైపు. ఇంటి దగ్గర బండికి ఆ పక్కనే ఉన్న గోడ నా భుజానికి రాసుకుంది కాబట్టి ఎడమే.

"ఎనక ఎడమ సెక్రం," అన్నారావిడ. అప్పటికే జాకీ చేతిలో ఉంది.

సింహాచలం గారు ముందు చక్రాలకి ఇటుకలు పెట్టారు. చక్రం ఊడింది, డ్రమ్ము ఊడింది. లోపల అంతా తడి. రబ్బరు కప్పు అంచు చిట్లిపోయి ఉంది. పైడితల్లి గారు దాన్ని వేలి మీద పెట్టుకుని చూస్తుంటే, నేను సంచి విప్పి నా పొట్లం చాపాను.

"అవి మీ బండికి కదేటి?"

"నా బండికి బ్రేకులెందుకండీ, కదిలితే కదా ఆపడానికి."

ఆవిడ పెట్రోలు గుడ్డతో అంతా తుడిచి, బ్రేకు పట్టీలు గరుకు కాగితంతో రుద్ది, కొత్త కప్పులు ఎక్కించి బిగించారు. కొత్త బ్రేకాయిలు పోశారు. ఇక గొట్టాల్లో గాలి తీయాలి. ఒకరు చక్రం దగ్గర చిన్న మర విప్పాలి, ఇంకొకరు లోపల పెడల్ తొక్కాలి. సింహాచలం గారు తన కాలి మీద తనకే నమ్మకం లేదన్నారు. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

"నొక్కండి... పట్టుండండి... ఒదలకండి... ఇప్పుడొదలండి!"

ఇరవై రెండేళ్ళుగా ద్రవపీడనం పాఠం చెబుతున్నాను. బల్ల మీద బొమ్మ వేసి, ఇక్కడ నొక్కితే అక్కడ లేస్తుంది అంటాను. పిల్లలు ఆవలిస్తారు. ఆ రోజు నా అరికాలి కింద మొదట దూదిలా ఉన్న పెడల్, ఏడోసారికి తడి మట్టిలా, పదకొండోసారికి రాయిలా అయింది. గాలి పోయింది. చుట్టూ చేరిన జనం చప్పట్లు కొట్టారు. బ్యాటరీ అన్నాయన, "నేను ముందే చెప్పాను కదా," అన్నాడు. సార్జెంట్ మా కోసం బస్సుల్ని ఆపి దారిచ్చాడు.

మైదానం

పదకొండుకి పది నిమిషాలుండగా చేరాం. అప్పటికే అక్కడ మూడు పాత కార్లున్నాయి, మూడూ లారీల మీంచి దించినవే. అద్దంలా మెరుస్తున్నాయి, చక్రాలకి మట్టి లేదు. వాటి యజమానులు పక్కన నిలబడి మెత్తటి గుడ్డలతో తుడుస్తున్నారు. ఆ ముగ్గురిలోనూ నన్ను నేను చూసుకున్నాను.

పరీక్షించే ఆఫీసరు సన్నటి మనిషి, మఫ్లరు చుట్టుకున్నాడు. లైట్లు చూశాడు, హారన్ కొట్టాడు, పొగ కొలిచాడు. డిక్కీ తెరిచాడు. లోపల గొడుగు, మోకాలి బూట్లు, ఉల్లిపాయల సంచి, ఎవరిదో టిఫిను డబ్బా. మూసేశాడు. తర్వాత వంగి కారు కింద వేలు పెట్టి తీసి చూపించాడు.

"తేల్ పొడ్ఛే, దీదీ." నూనె కారుతోందమ్మా అని.

పైడితల్లి గారు తడుముకోకుండా బెంగాలీలో జవాబిచ్చారు. సింహాచలం గారు నా చెవిలో తెలుగు చేశారు: "పడతంటే లోపలున్నట్టే కద దాదా, పడకపోతేనే భయపడాల."

ఆఫీసరు మఫ్లరు కదిలింది. లోపల నవ్వు కాబోలు. ఈ బండి రోజూ తిరుగుతుందా అని అడిగాడు.

"రోజూ. ఆదివారం రెండుసార్లు."

ఇక బ్రేకు. మైదానం ఆ చివర్నుంచి వచ్చి సున్నం గీత దగ్గర ఆపాలి. పైడితల్లి గారు ఒక్కరే ఎక్కారు. సింహాచలం గారు మంకీ క్యాపు తీసి చేత్తో పట్టుకున్నారు. మూడు రోజుల్లో మొదటిసారి ఆయన జుట్టు చూశాను. బండి తిరిగింది, వేగం అందుకుంది. పసుపు బానెట్టు పెద్దదవుతూ వస్తోంది. గీత. కీచుమనలేదు, పక్కకి లాగలేదు. గీత మీద పావురం వాలినట్టు ఆగింది.

ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టాడు. సింహాచలం గారు ముక్కు చీదుకుని, "సలి," అన్నారు.

మళ్ళీ హౌరా

పాసయ్యాం కదా, సందేశ్ పెట్టె కొనాల్సిందే అన్నారు సింహాచలం గారు. పైడితల్లి గారు గడియారం చూశారు. "సందేశ్ తరవాత. దార్లో గ్రైండరు తీసుకోవాల. పదకొండిళ్ళకీ ఒకటే గ్రైండరు మాస్టారూ, రిపేరుకిచ్చి నాలుగు రోజులైపోనాది. వీధిలో ఇడ్లీ మొహం సూసినోళ్ళు నేరు."

రిపేరు దుకాణంలోంచి రాళ్ళూ గిన్నే అన్నీ కలిపి తెచ్చి నా పక్కనే పెట్టారు. మలుపుల్లో అది నా మీదికి ఒరిగింది. మంచి ప్యాంటుకి గ్రీజు, తొడకి రాయి. స్టేషన్ దగ్గర దిగేటప్పుడు సింహాచలం గారు నా స్థలంలోకి గ్రైండరుని సర్ది, "రేపు దోసెలు మాస్టారూ, ఉండిపోరాదేటి?" అన్నారు. ఉండిపోవాలనే ఉంది. సెలవు లేదు.

పైడితల్లి గారు ఇంజను ఆపలేదు. "ఎల్లగానే మీ బండి తియ్యండి. కూరలకైనా సరే, రోజూ తియ్యండి," అన్నారు. తలుపు ఎంత గట్టిగా వేయాలో అంతే గట్టిగా వేశాను.

బండి పసుపు టాక్సీల మధ్య నుంచి కదిలింది. నేను సంచి భుజాన వేసుకుని అక్కడే నిలబడి చూశాను. కొంచెం దూరంలో, తల మీద పూలబుట్టతో ఒకామె అటూ ఇటూ చూడకుండా రోడ్డుకి అడ్డంగా దిగింది. నా కుడికాలు నాకు తెలియకుండానే నేలని నొక్కి పట్టింది. బ్రేకు లైట్లు వెలిగాయి. బండి ఆగింది. పూలామె తీరిగ్గా దాటింది. నేను కాలు తీశాను. బండి వెళ్ళిపోయింది.